పక్కకు తిప్పిన కుర్చీ

మాస్టారు పోయిన కబురు రెడ్డిగూడెం నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. ఉదయ ప్రార్థన ముగించి వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాను. అతను బస్టాండులో టీ కూడా తాగకుండా మా వీధి దాకా నడిచి వచ్చి, గేటు అవతలే నిలబడ్డాడు.

"మీ పక్కింటి మాస్టారు తెల్లారుజామున పోయారండి. వాళ్ళ అన్నగారబ్బాయి మీకు చెప్పమన్నాడు."

చెప్పి వెళ్ళిపోయాడు. బకెట్లో మిగిలిన నీళ్ళు కూడా చల్లి లోపలికి వచ్చాను. మాస్టారు ఉంటే ఆ కండక్టరును మెచ్చుకునేవారు. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, ఎవరు చెప్పమన్నారు. అంతే. ఉప్పు లేని మాట అనేవారు.

ఉప్పు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయన ఎవరో చెప్పాలి. మా హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. రిటైరైన తర్వాత కూడా మా పక్కింట్లోనే ఉన్నారు. ఒంటరి మనిషి. ఒంట్లో బాగుండక ఈ మధ్యనే రెడ్డిగూడెంలో అన్నగారి కొడుకు ఇంటికి వెళ్ళారు. అక్కడ వాళ్ళకు మామిడి తోట ఉంది. మా తిరువూరులో ఆయన పేరు తెలియనివాళ్ళకు కూడా ఆయన కుర్చీ తెలుసు.

ఊళ్ళో మీటింగంటూ జరిగితే ఆయన ఉండేవారు. ఎలక్షన్ మీటింగు, హరికథ, మా చర్చి కూటాలు, పత్తికి పురుగుమందు అమ్మడానికి వ్యానులో వచ్చి మైకు పెట్టేవాళ్ళు, ఎవరైనా సరే. చంకలో చెక్క మడత కుర్చీ పెట్టుకుని వచ్చి, జనం వెనకాల ఒక చివర విప్పేవారు. వేదికకు ఎదురుగా కాదు, పక్కకు తిప్పి వేసుకునేవారు. చెవి మైకు వైపు, కళ్ళు జనం వైపు. ఒక ఎలక్షన్ మీటింగులో ఒకాయన మైకులోనే, వెనకాల పెద్దమనిషికి మెడ పట్టేసినట్టుంది, ఎవరైనా కాస్త నూనె రాయండి అన్నాడు. జనమంతా తిరిగి చూసి నవ్వారు. మాస్టారూ నవ్వారు, నవ్వుతూనే జనాన్ని చూశారు. ఇంటికొచ్చాక గోడ మీదుగా నాతో అన్నారు, "మంచి పనివాడు పెద్దమ్మాయ్. ఒక్క నవ్వుతో అందరినీ తనవాళ్ళను చేసుకున్నాడు. ఆ తర్వాత ఏం చెప్పినా ఎవరూ అడ్డు చెప్పలేదు."

ఆయనకు వక్తల మీద కోపం ఉండేది కాదు. వంట బాగా వచ్చినవాళ్ళు పెళ్ళి భోజనం తిన్నట్టు వినేవారు. ఇందులో ఏమేం వేశారు, ఎప్పుడు వేశారు, ఏది ఎక్కువైంది అని.

బళ్ళో పిల్లలకూ అదే నేర్పారు. పాఠంలో లేకపోయినా నేర్పారు. మా చిన్న చెల్లెలు ఆయన క్లాసులో ఉన్నప్పుడు ఒక సంత రోజున పిల్లల్ని బస్టాండుకు తీసుకెళ్ళి లేహ్యం అమ్మే అతని చుట్టూ నిలబెట్టారు. అతన్ని చూడకండి, చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు చూడండి అన్నారట. ఎవరి చేయి ఏ మాట దగ్గర జేబులోకో, కొంగు ముడి దగ్గరికో వెళ్ళిందో చూసి రమ్మన్నారు. మా చెల్లెలు వచ్చి చెప్పింది: ఒక ముసలావిడ, లేహ్యం దేనికి పనిచేస్తుందో వినకముందే ముడి విప్పింది. "మా అమ్మ నడవలేక నడవలేక పోయిందమ్మా" అని అతను గొంతు తగ్గించినప్పుడు విప్పింది.

మాస్టారు చాలా సంతోషించారు. "ఇప్పుడు అతను చెప్పిందంతా ఉప్పు లేకుండా చెప్పు," అన్నారు.

అది వెంటనే చేతులు కట్టుకుని నిలబడి, "ఇందులో బెల్లం, మిరియాలు, ఇంకేవో వేర్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని నేను అంటున్నాను. మా అమ్మ దీన్ని తినలేదు," అంది.

క్లాసంతా విరగబడి నవ్విందట. ఆ లేహ్యం అతను మాత్రం తర్వాత మాస్టారు ఎదురుపడితే, పిల్లల్ని తీసుకురాకండి సారూ, బోణీ కావటం లేదు అని దణ్ణం పెట్టేవాడు.

ఆయన పద్ధతంతా అదే. ఎవరి మాటకైనా మనసు కరిగినప్పుడు, ఇంటికొచ్చి ఆ మాటనే బస్సు టైములు చదివినట్టు చప్పగా మళ్ళీ చెప్పుకోవాలి. అలా చెప్పుకున్నాక ఏం మిగిలిందో చూడాలి. మనం నమ్మింది ముఖాన్నా, లెక్కనా, గొంతునా అని మనల్ని మనం అడగాలి. ముఖమంటే చెప్పేవాడి మీద మనకున్న గౌరవం. లెక్కంటే అతను చూపించిన కారణం. గొంతంటే మనలో పుట్టించిన ఏడుపో, భయమో, ఆశో. మూడింటిలో ఏదీ పాపం కాదనేవారు. "ఉప్పు లేని కూడు ఎవరూ తినరు. కూడు లేని ఉప్పుతో కడుపు నిండదు." ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

ఒక ఎలక్షన్లో ఒకాయన మా ఇంటికి వచ్చి, నన్ను అక్కా అని పిలిచి, మా అమ్మానాన్నల ఫోటో ముందు చెప్పులు వదిలి నిలబడ్డాడు. నా ఓటు ఆయనకే వేశాను. మాస్టారు అడిగితే ముఖం చూసి వేశానని చెప్పాను. "పోనీలే, తెలిసి వేశావు," అన్నారు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. నేను ఇంటికి పెద్దదాన్ని. చిన్న చెల్లెలిని కని మా అమ్మ లేవలేదు. తర్వాత నాన్న పోయారు. తమ్ముళ్ళు పెరిగి ఉద్యోగాలకు వెళ్ళారు. మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో నా ఉద్యోగం, ఇల్లు, ఈ పిల్ల. అంతే నా లోకం. అది నన్ను పెద్దక్క అని పిలిచినా, దానికి పాలు పట్టింది నేనే. మాస్టారి దగ్గర వినడం నేర్చుకున్న పిల్లకు మాట్లాడడం కూడా వచ్చింది. వక్తృత్వపు పోటీలకు విస్సన్నపేట వెళ్ళినా, నూజివీడు వెళ్ళినా కప్పుతో వచ్చేది. దానికి ఉప్పు ఎంత వెయ్యాలో తెలుసు.

టీచరు ట్రైనింగు పూర్తి చేసిన మరుసటి ఏడాది దానికి దగ్గు పట్టుకుంది. ఒక సాయంత్రం చేతి గుడ్డ మడిచి దాచుకుంటుంటే లాక్కుని చూశాను. ఎర్రగా ఉంది. బెజవాడలో ఎక్స్‌రే తీయించాం. టీబీ అన్నారు. రోజూ సూది, గుప్పెడు బిళ్ళలు. కొన్ని నెలలయ్యాక సూదులు ఆపుతారు, బిళ్ళలు మాత్రం ఏడాదిన్నర దాకా తప్పవు. మధ్యలో ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుంది, అప్పుడు మానేస్తే మళ్ళీ తిరగబెడుతుంది, ఆ తర్వాత ఈ మందులు కూడా వినవు అని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పారు.

పొద్దున్నే దాన్ని గవర్నమెంటు ఆసుపత్రి వరసలో నిలబెట్టి, సూది వేయించి, ఇంటి దగ్గర దిగబెట్టి, నేను బడికి పరుగెత్తేదాన్ని. సూదులతో దానికి కూర్చోవడం కష్టమైంది. చెవుల్లో హోరు అనేది. మా ఇంట్లో మంచినీళ్ళు తాగేవాళ్ళు తగ్గిపోయారు. దానికి వచ్చిన ఉద్యోగం ఆర్డరు వెనక్కి పోయింది. నెలలు గడిచేకొద్దీ మా ఇద్దరికీ మాటలు తగ్గాయి. నేను ప్రార్థన మానలేదు. కానీ ప్రార్థనలో కూడా ఆవులింతలు వచ్చేవి. దేవుడు నొచ్చుకోడనుకుంటాను.

ఆ వేసవిలో మా ఊరికి, ప్రార్థనతో జబ్బులు నయమవుతాయనే స్వస్థత కూటాలు వచ్చాయి. మూడు సాయంత్రాలు. దూరం నుంచి వచ్చిన బోధకుడు. రెండో రోజు మేమిద్దరం వెళ్ళాం. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. నమ్మే చెప్పి ఉంటాడు. ముందు తన చిన్నతనం చెప్పాడు, తానూ ఇలాంటి ఛాతీ జబ్బుతో మంచం పట్టానన్నాడు. తర్వాత ఏదో ఊళ్ళో ఒక ఆడపిల్ల మందులు పారేసి లేచి నడిచిందన్నాడు. హార్మోనియం మెల్లగా మొదలైంది. ఆయన గొంతు తగ్గించాడు. ఇన్ని వందల మందిలో నాతోనే మాట్లాడుతున్నట్టు ఉంది. "అలిసిపోయావు కదమ్మా," అన్నాడు. "ఎన్నాళ్ళు మోస్తావు? ఆ బిళ్ళలు కింద పెట్టు."

ఆ ఒక్క మాటకు నా కళ్ళు నిండాయి. వేదిక ముందు ఒక వెదురు బుట్ట పెట్టారు. మందులు అందులో వేసి రమ్మన్నారు. మా చెల్లెలు రాత్రికి వేసుకోవాల్సిన బిళ్ళలు సంచీలో తెచ్చుకుంది, ఇంకా చాలా రోజులకు సరిపడే పొట్లం కూడా అందులోనే ఉంది. నేను చెయ్యి చాచేలోపే లేచి నడిచింది. మా చర్చి పాస్టరు అయ్యగారు వేదిక మీద ఒక చివర కూర్చుని ఉన్నారు. ఆయనకు చక్కెర జబ్బు, రోజూ బిళ్ళ వేసుకుంటారు. బుట్టను చూసి తల దించుకున్నారు.

తిరిగి వస్తుంటే కూటాల కార్యకర్త ఒకతను వెంటపడి వచ్చాడు. రేపు చివరి కూటంలో, దేవుడు బాగుచేశాడని మైకులో సాక్ష్యం చెప్పమని అడిగాడు. మా చెల్లెలు బాగా మాట్లాడుతుందని ఊళ్ళో ఎవరో చెప్పారట. అది సరేనంది.

పొద్దున ఆసుపత్రికి బయలుదేరదీస్తే రానంది. ఒళ్ళు తేలిగ్గా ఉందక్కా అంది. దాని ముఖం నిజంగానే తేలిగ్గా ఉంది. అలాంటి ముఖం చూసి ఏడాది కావస్తోంది. మోకరించి కళ్ళు మూసుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. దేవుడు బాగుచేస్తాడని నమ్మేదాన్నే నేను. బాగుచెయ్యలేదేమోనని ఎలా అడగను? లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

మాస్టారు అరుగు మీద కూర్చుని తోట నుంచి వచ్చిన మామిడికాయలు పచ్చివీ పండినవీ వేరు చేస్తున్నారు. జరిగింది చెప్పాను. అది మందులు మానెయ్యడం ఒక్కటే కాదు, సాయంత్రం మైకు ముందు నిలబడితే దాని మాట విని ఇంకెంతమంది బుట్టలో వేస్తారో అన్నాను. మీరు మాట్లాడండి మాస్టారూ, మీరు తలుచుకుంటే దాన్ని ఏడిపించగలరు అన్నాను.

ఆయన చేతిలోని కాయ పక్కన పెట్టారు.

"ఏడిపించి ఒప్పిస్తే, రేపు ఇంకొకడు ఇంకా బాగా ఏడిపిస్తాడు పెద్దమ్మాయ్."

ఈలోపు అదే బయటికి వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది. నా మీద ఫిర్యాదు చేస్తోందా మాస్టారూ అంది నవ్వుతూ. ఆయన దాన్ని తిట్టలేదు. నిన్న ఏం విన్నావో ఉప్పు లేకుండా చెప్పమన్నారు. అది చేతులు కట్టుకుంది, చిన్నప్పటి లాగే. బోధకుడికి ఒకప్పుడు జబ్బు చేసిందట, తగ్గిందట. ఒక ఊళ్ళో ఒక అమ్మాయికి తగ్గిందట. "నేను అలిసిపోయానని ఆయన అన్నాడు," అంది. అక్కడ ఆగిపోయింది.

ఏ ఊరు అని అడిగారు మాస్టారు. చెప్పలేదంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉంది అని అడిగారు. అప్పుడు దానికి కోపం వచ్చింది.

"మీరు మా వాళ్ళు కాదు మాస్టారూ. మీకు మా విశ్వాసం తెలీదు. విశ్వాసానికి ఊరి పేరు అడుగుతారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం, "నిజమే. నా ముఖం చూసి నమ్మక్కర్లేదు. అది తీసేద్దాం," అన్నారు, లెక్కలో ఒక అంకె కొట్టేసినట్టు. "నిన్న ఆయన చెప్పినవాటిలో ఒకటి మాత్రం పూర్తిగా నిజం. నువ్వు అలిసిపోయావు. అది తెలిసినవాడు నీతో ఏమైనా చేయించగలడు."

"నాకు ఇవన్నీ తెలుసు కదా మాస్టారూ. మీరే నేర్పారు. తెలిసినదాన్ని ఎలా మోసపోతాను?"

"ఆకలి మీద ఉన్నవాడికి వంట తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే."

తర్వాత ఆయన అన్నది నాకు పొల్లు పోకుండా గుర్తుంది.

"చిన్నమ్మాయ్, ఇప్పుడొకటి చెప్తాను. నిన్ను భయపెట్టడానికే చెప్తున్నా. భయపెట్టడానికి చెప్తున్నానని తెలుసుకునే విను. నా భార్యకు ఇదే జబ్బు. శానిటోరియం ఆసుపత్రిలో ఉంది. ఒళ్ళు చేసింది, దగ్గు తగ్గింది. చాలు, ఇంటికి పోదాం అంది. ఎవరూ చెప్పలేదు, ఏ మైకూ లేదు. తనకు తనే చెప్పుకుంది. మనల్ని మన కంటే బాగా ఒప్పించేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇంటికొచ్చి మందులు మానేసింది. మళ్ళీ మామిడికాయలు వచ్చేసరికి లేదు."

అంతే చెప్పారు. ఈ ఊళ్ళో ఆయన ఒంటరిగా ఎందుకున్నారో మాకు అప్పటిదాకా తెలియదు. గోడ పక్కన ఇన్నేళ్ళున్నాం. ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

మా చెల్లెలు చాలాసేపు ఆయన ముఖం చూసింది. "ఇంత చప్పగా ఎలా చెప్పగలుగుతున్నారు మాస్టారూ?" అంది.

"ఉప్పు వెయ్యడం మొదలుపెడితే నేను ఆపలేను," అన్నారు.

"నన్నేం చెయ్యమంటారు?"

"అది నేను చెప్పను."

ఆయన మళ్ళీ కాయలు ఏరుకున్నారు. అది ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి రాలేదు. మధ్యాహ్నమంతా గోడ వైపు తిరిగి పడుకుంది. రెండుసార్లు దగ్గింది. దగ్గినప్పుడల్లా దిండును నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. నేను చూశానని దానికీ తెలుసు. మాస్టారి మీద కూడా నాకు ఆ మధ్యాహ్నం కోపం వచ్చింది. ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే ఏం పోయేది అనుకున్నాను.

సాయంత్రం అది తెల్ల చీర కట్టుకుని బయలుదేరింది. వెనక నేను. మా వెనక కాస్త దూరంలో, చంకలో కుర్చీతో, మాస్టారు.

ఆ రోజు జనం ముందు రోజు కంటే ఎక్కువ. మా చెల్లెలిని వేదిక ఎక్కించారు. మైకు దాని ఎత్తుకు దించారు. ముందు బుట్ట ఖాళీగా పెట్టి ఉంది. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. దాని మొదటి మాట కోసం జనమంతా దాన్నే చూస్తున్నారు. పోటీల్లో ఎప్పుడూ మొదటి మాటకు ముందు అది ఒక క్షణం ఆగేది. ఆ ఆగడం కూడా ఉప్పేనని మాస్టారు అనేవారు. ఇప్పుడూ ఆగింది. కానీ ఆగి ఎంతకీ మొదలుపెట్టలేదు.

దాని చూపు ఎక్కడుందో నేను చూశాను. పందిరి చివర లైటు కింద మాస్టారు. అంత జనంలో దాన్ని చూడనిది ఆయనొక్కరే. కుర్చీ పక్కకు తిప్పుకుని, ఎప్పటిలాగే జనం ముఖాలు చూస్తున్నారు. అది ఆయన చూపు వెంటే మెల్లగా అటు తిరిగింది. ఆడవాళ్ళ వరసలో నాకు కొంచెం ముందు ఒక తల్లి కూర్చుని ఉంది. పక్క పల్లె నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్ళ నిండా దుమ్ము. ఒడిలో ఒక పిల్ల, ఊపిరి తీస్తుంటే గొంతు దగ్గర గుంట పడుతోంది. తల్లి కుడి చేతి పిడికిట్లో కాగితం పొట్లం. బుట్టలో వెయ్యడానికి సిద్ధంగా ఉంది.

మా చెల్లెలు చేతులు కట్టుకుంది.

"నిన్న సాయంత్రం నా మందులు ఈ బుట్టలో వేశాను," అంది. గొంతులో ఏమీ లేదు. బస్సు టైములు చదువుతున్నట్టు ఉంది. "రాత్రి బాగానే ఉంది. ఇవాళ మధ్యాహ్నం దగ్గాను. దిండు గుడ్డ మీద కొంచెం నెత్తురు పడింది. నాకు తెలిసింది ఇంతే. దేవుడు నన్ను బాగుచేస్తాడని నమ్ముతున్నాను. రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్తాను."

మైకు వదిలి మెట్లు దిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్తోత్రం అనలేదు. బోధకుడు ఒక్క క్షణం తడబడి, పాట అందుకున్నాడు. హార్మోనియం కలిసింది. నేను ఆ తల్లినే చూస్తున్నాను. ఆమె పాడలేదు. పిడికిలి ఒడిలోకి తీసుకుని, పొట్లాన్ని పిల్ల గౌను కింద దోపుకుంది. మా అయ్యగారు అప్పుడు లేచి వేదిక దిగి, మా చెల్లెలి దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చిన్న ప్రార్థన. మైకు లేకుండా.

ముగ్గురం ఇంటికి నడిచాం. మా గేటు దగ్గర అది ఆగి, మీరు నన్ను ఎందుకు చూడలేదు మాస్టారూ అని అడిగింది. "నిన్ను చూస్తే నువ్వు నాకోసం మాట్లాడతావు," అన్నారాయన. కుర్చీ ఇంకో చంకలోకి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ ఆసుపత్రి వరసలో నిలబడ్డాం. బిళ్ళలు పారేశావా అని కాంపౌండరు కేకలేశాడు. వేసినన్ని కేకలూ వేసి మళ్ళీ ఇచ్చాడు. ఆ రోజు నుంచి చివరిదాకా అది ఒక్క పూట మానలేదు. మామిడికాయలు మళ్ళీ వచ్చాయి, వెళ్ళాయి. ఆఖరి ఎక్స్‌రే చూసి డాక్టరు బాగుందన్నారు. నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. బాగుచేసింది ఆయనేనని ఇప్పటికీ నమ్ముతాను. సూది చేతా, బిళ్ళ చేతా, పక్కకు తిప్పిన కుర్చీ చేతా బాగుచెయ్యగలడని మాత్రం అప్పుడే తెలుసుకున్నాను.

ఆ ఫలితం మాస్టారికి చెప్పడానికి వెళ్ళాం. పండిన మామిడిపండు ఒకటి తీసి దాని చేతిలో పెట్టారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు, ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆయన గొంతు మేం విన్నది అంతే. అది కూడా గోడ అవతల నుంచి.

మా చెల్లెలు ఇప్పుడు మాస్టారు పనిచేసిన బళ్ళోనే పాఠాలు చెబుతోంది. పిల్లల్ని బస్టాండుకు తీసుకెళ్తుంది. లేహ్యం అతను ఇప్పుడు లేడు, అతని కొడుకు ఉన్నాడు. అతనూ దణ్ణం పెడతాడట.

మొన్న రెడ్డిగూడెంలో దహనం అయ్యాక, ఇక్కడ బడి ఆవరణలో సంతాప సభ పెట్టారు. ఆయన అన్నగారి కొడుకు వచ్చి, ఇది చిన్నమ్మాయికి ఇమ్మన్నారు అంటూ మడత కుర్చీ మా చెల్లెలికి ఇచ్చాడు. సభలో చాలామంది మాట్లాడారు. పాత విద్యార్థులు, ఊరి పెద్దలు, ఒక నాయకుడు కూడా. అందరూ నిజమే చెప్పారు, కానీ నేను అలిసిపోయాను. ఈ మధ్య నాకు మైకు వింటే అలసటగా ఉంటోంది. ఒకాయన ఏడ్చాడు. జనం ఏడ్చారు. నాకూ ఏడుపు వచ్చింది. గొంతు విని వచ్చిందా, మనిషి కోసం వచ్చిందా అని నన్ను నేను అడగబోయి, మానేశాను. ఒక్కరోజుకు ఫరవాలేదు.

మా చెల్లెలిని పిలిచారు. అది వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. "మాస్టారు నన్ను ఏం చెయ్యమనీ చెప్పలేదు," అంది. "నేను బతికున్నాను." మైకు వదిలి దిగి వచ్చేసింది. దాన్ని పిలిచినవాళ్ళు ఇంకా ఏదో ఉంటుందని కాసేపు ఎదురుచూశారు.

అది జనం వెనక్కి వెళ్ళి, ఒక చివర ఆ కుర్చీ విప్పి, పక్కకు తిప్పి వేసుకుంది. వేదిక మీద మరొకరు మొదలుపెట్టారు. పొద్దు వాలుతోంది. దాని కళ్ళు వరసగా ముఖాలన్నీ దాటుకుంటూ వస్తున్నాయి, ముందు మగవాళ్ళవి, తర్వాత పిల్లలవి, తర్వాత ఆడవాళ్ళవి. నా దగ్గరికి వచ్చి ఆగాయి. నేను కొంగుతో ముఖం తుడుచుకోలేదు. చూడనిచ్చాను.